ఫ్రిజ్ తలుపు మీద తొమ్మిది త్యాగాలు

ఆ బుధవారం ఉదయం గోడౌన్ సూపర్‌వైజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు కంపెనీ బస్సెక్కాలి. పన్నెండు దాకా పని చేస్తున్నట్టు కనపడాలి. ఒంటిగంటకు ఇంటికొచ్చి భార్య చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. సూటు తొడుక్కుని, కారు తీసుకుని, మూడింటికల్లా బిజినెస్ స్కూల్లో ఇంటర్వ్యూకి కూర్చోవాలి. నాలుగింటికి బయటికొచ్చేటప్పుడు తను సూపర్‌వైజరుగా ఉండకూడదు, కాబోయే మేనేజరుగా ఉండాలి.

ఆయనకు నలభై మూడేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఒక రంగుల కంపెనీ గోడౌన్‌లో డబ్బాలు లెక్కపెడుతూ, ఆ ఉద్యోగాన్ని రోజూ రెండు పూటలా తిడుతూ సుఖంగానే ఉన్నాడు. నిరుడు బిజినెస్ స్కూలు నుంచి ఇరవయ్యేడేళ్ళ మనిషొకడు మేనేజరుగా వచ్చి నెత్తిన కూర్చోవడంతో ఆ సుఖం పోయింది. లారీ రాలేదని చెప్పడానికి సూపర్‌వైజరుకు రెండు మాటలు చాలు. అదే ముక్క చెప్పడానికి ఆ మేనేజరుకు గోడ మీద ఇరవై బొమ్మలు కావాలి. జీతం మాత్రం బొమ్మలకే ఎక్కువ. ఆ సంగతి తెలిసిన నాటినుంచి సూపర్‌వైజరుకు తిండి సహించలేదు. ఇంట్లో కూర చాలకపోతే "డిమాండు అంచనా తప్పింది" అనడం, కూతురు ఆలస్యంగా లేస్తే "నీలో లీడర్‌షిప్ లేదు" అనడం మొదలుపెట్టాడు. ఇంట్లోవాళ్ళు దాన్నొక జబ్బుగా అనుకుని ఓపిక పట్టారు.

బిజినెస్ స్కూలు దరఖాస్తుకు రెండు పేజీలు. మొదటిది మామూలే. రెండోదాంట్లో తొమ్మిది నంబర్లేసి గీతలు గీశారు. సీటు ఖాయమైన తరువాత మీరూ మీ కుటుంబమూ వదులుకోబోయేవేమిటో రాసి, కింద జీవిత భాగస్వామి చేత సంతకం పెట్టించాలని సూచన. ఆ సూచన మాత్రం మొదటి పేజీ అడుగున ఉంది. సూపర్‌వైజరు రెండు ఆదివారాలు కూర్చుని ఆ తొమ్మిది గీతలూ నింపాడు. రాసింది చదువుకుంటే తన త్యాగానికి తనకే కళ్ళు చెమ్మగిల్లాయి. తొమ్మిదింట్లో ఏడు ఇతరులవి. ఇంకొకటి ఉద్యోగం, దాన్ని ఆయన ఎలాగూ వదిలించుకోవాలనే చూస్తున్నాడు. అచ్చంగా ఆయన సొంత ఆస్తిలోంచి పోయేది చివరిదొక్కటే, ఆదివారం మధ్యాహ్నం నిద్ర. ఆ ఒక్క మాట రాయడానికే రెండో ఆదివారం మొత్తం పట్టింది.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో వార్డు సిస్టర్. ముప్ఫై మంచాల వార్డును ఒంటిచేత్తో నడిపే మనిషి. ఇంట్లో నలుగురూ ప్రతి చిన్న పనికీ గంటసేపు వాదించుకోవడం చూసి విసిగిపోయి, అయిదేళ్ళ క్రితం వార్డు పద్ధతినే ఇంటికి తెచ్చింది. ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద రోజూ ఒక షీటు ఉంటుంది. దాని మీద ఏముంటే అది చేయాలి. ముందు చూసినవాళ్ళు చేయాలి. చేసి, పక్కన టిక్కు పెట్టి, వేళ వేసి, పొడి అక్షరాలు రాయాలి. ఎందుకని అడగకూడదు. అభ్యంతరం ఉంటే పని చేసేసిన తర్వాత అడుగున రాసుకోవచ్చు. ఈ అయిదేళ్ళలో ఆ ఇంట్లో పాలు పొంగిపోయింది లేదు, కరెంటు బిల్లు ఆలస్యమైందీ లేదు.

డ్యూటీ నుంచి అలిసిపోయి వచ్చిన మనిషి షీటు మీద టిక్కులు చూసి, చదవకుండా కింద సంతకం గీకేస్తుందని సూపర్‌వైజరు కనిపెట్టాడు. ఆయన కనిపెట్టిన మేనేజ్‌మెంటు సూత్రం ఇదొక్కటే. అందుకని మొదటి పేజీని ఫొటో అంటించడానికి సంచిలో పెట్టుకుని, రెండో పేజీని మాత్రం చింపి ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద తగిలించి, ఈల వేసుకుంటూ బస్సెక్కాడు.

ఏడూ నలభైకి ఆయన తండ్రి మంచినీళ్ళకోసం ఫ్రిజ్ దగ్గరకొచ్చాడు. పెద్దాయన కోర్టులో అమీనాగా చేసి రిటైరైనవాడు. డిక్రీ కాగితం పట్టుకుని ఇళ్ళ మీదికి వెళ్ళి సామాను జప్తు చేయడం ఆయన వృత్తి. జప్తు చేయాల్సిన బల్ల మీద ఎవరైనా కూర్చుని ఏడుస్తుంటే, వాళ్ళను మర్యాదగా లేవదీసి పక్కన నిలబెట్టి, బల్ల పట్టుకెళ్ళిన మనిషి. కళ్ళజోడు పెట్టుకుని షీటు మొత్తం రెండుసార్లు చదివాడు.

"చిట్టీ, ఇలా రా. ఇవాళ షీటు పెద్దదిగా ఉంది."

పదహారేళ్ళ మనవరాలు పళ్ళు తోముకుంటూ వచ్చింది. "ఇది నాన్న రాత తాతయ్యా."

"ఎవరి రాతైతే మనకెందుకు. నంబర్లున్నాయి. కింద సంతకానికి చోటుంది. డిక్రీ కూడా ఇలాగే ఉంటుంది."

చిట్టి కళ్ళు అయిదో నంబరు మీద ఆగిపోయాయి. అమ్మాయి వయొలిన్ క్లాసు మానాలి. మూడేళ్ళుగా ఆ పిల్ల మొక్కుకుంటున్నది ఇదే. వయొలిన్ మాస్టారు మొక్కుకుంటున్నదీ ఇదే.

"అయిదోది నేను చేసేస్తా తాతయ్యా," అంటూనే ఫోను తీసింది. మెసేజ్ వెళ్ళిన అర నిమిషానికి మాస్టారి జవాబు వచ్చింది. ధన్యవాదాలు అని మాత్రమే ఉంది. చిట్టి టిక్కు పెట్టింది.

"వరసలో వెళ్ళాలి, మధ్యలోంచి కాదు," అన్నాడు పెద్దాయన. "ఒకటోది చూడు. ఉద్యోగానికి రాజీనామా చేయాలి. మీ నాన్న ఉత్తరాలన్నీ కంప్యూటర్లో కొట్టేది నువ్వేగా."

"రాజీనామా అంటే కారణం రాయాలేమో."

"రాయకు. కారణాలు రాస్తే వాయిదాలు పడతాయి."

చిట్టి ఒకే ఒక్క వాక్యం రాసి తండ్రి మెయిల్లోంచి మేనేజరుకు పంపేసింది. ఎనిమిదీ పది అని వేళ వేసింది.

ఆరో నంబరు హాల్లో టీవీ చూస్తోంది. సిస్టర్ వాళ్ళమ్మ ఆవిడ. ఆ ఇంట్లో వంట ఆవిడదే.

"చెల్లెమ్మా," అన్నాడు పెద్దాయన గుమ్మం దగ్గర నిలబడి, "నువ్వు ఆరు నెలలు మీ చిన్నమ్మాయి ఇంట్లో ఉండాలని షీటు మీద ఉంది."

"నన్ను పొమ్మంటున్నారా? అల్లుడుగారు ఆ ముక్కేదో నోటితో చెబితే నోరు పడిపోతుందా అన్నయ్యగారూ?"

"నోటితో చెబితే అప్పీలుంటుంది. షీటు మీదుంటే ఉండదు."

ఆవిడ ఒక్క నిమిషం ముక్కు ఎగబీల్చి, చీర కొంగు దోపుకుంది. "ఇంకేముంది ఆ కాగితంలో?"

"ఏడోది, టీవీ ఉండకూడదు."

"ఎక్కడికి పోవాలో రాశారా?"

"రాయలేదు."

"అయితే నాతో వస్తుంది." తొమ్మిదింటికి వచ్చిన ఆటోలో ఆవిడ, ఆవిడ పెట్టె, టీవీ, ఒళ్ళో కుక్కరు. కుక్కరు షీటు మీద లేదని పెద్దాయన అడ్డం వెళ్ళాడు. "అది నేను కొనుక్కున్నది. ఖాళీ చేసేవాళ్ళ సొంత సామాను మీరెప్పుడైనా ఆపారా?" అంది ఆవిడ. పెద్దాయన ఆలోచించి, పాయింటు సరైనదేనని తప్పుకున్నాడు.

రెండో నంబరు కారు. ఇంటర్వ్యూకి దుమ్ము పడకూడదని సూపర్‌వైజరు దాన్ని ఇంటి దగ్గరే ఉంచి వెళ్ళాడు. ఎదురింటి టైర్ల షాపాయన దాని మీద రెండేళ్ళుగా కన్నేసి ఉన్నాడు. పెద్దాయన పిలిచీ పిలవక ముందే భుజాన తువ్వాలుతో వచ్చేశాడు.

"ఇప్పటికైనా మనసొచ్చిందా బాబాయ్?"

"మనసుతో పని లేదు. నంబరు రెండు."

బేరం అయిదు నిమిషాల్లో తెగింది. పెద్దాయన జీవితంలో అమ్మినవన్నీ వేలంలో అమ్మినవే. వేలానికి ఒక్కడే వస్తే వాడి మాటే ఖాయం. టైర్లాయన తాళాలు జేబులో వేసుకుని, షీటు వైపు మెడ సాచి చూశాడు.

"ముందు గది కూడా అద్దెకిస్తున్నారే. నాకివ్వు బాబాయ్, టైర్లు పెట్టుకుంటా."

"మనుషులకిద్దామని రాసినట్టుంది."

"మనుషులతో ఏం సుఖం? నీళ్ళంటారు, బాత్రూమంటారు, గోడకు మేకు కొడతామంటారు. టైరు నోరెత్తదు."

ఆ వాదన పెద్దాయనకు నచ్చింది. కాకపోతే ముందు గదిలో ఉండేది పెద్దాయనే. నాలుగో నంబరు, నాన్న మంచం నడవలోకి మార్చాలి. ఆయన తన గది గుమ్మం ముందు నిలబడి, నాలుగో నంబరును తనకు తానే పైకి చదివి వినిపించి, ఖాళీ చేయడానికి తనకు అరగంట గడువిచ్చాడు. పాతికే నిమిషాల్లో చేశాడు. గది మూల ఉన్న బీరువా గురించి షీటులో ఒక్క ముక్కా లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. సూపర్‌వైజరు సూటు ఆ బీరువాలో ఉంది. పదకొండింటికి బీరువా ముందు ఎనభై టైర్లు పేర్చి ఉన్నాయి.

అక్కడ గోడౌన్‌లో సూపర్‌వైజరు సంచిలోని మొదటి పేజీ మీద ఫొటో అంటిస్తుండగా మేనేజరు స్వయంగా వచ్చాడు. ఏడాదిలో ఆయన పళ్ళు కనపడటం అదే మొదలు.

"మీ మెయిల్ చూశానండీ. నిజం చెప్పాలంటే, ఇంత ధైర్యం మీలో ఉందనుకోలేదు."

సూపర్‌వైజరు గుండె పొంగింది. ఇంటర్వ్యూ సంగతి తెలిసిపోయిందన్నమాట. కూతురు తనకు తెలియకుండా సెలవుకోసం రాసి ఉంటుంది, ఎంతైనా తన పిల్ల. "మనిషన్నాక ఎదగాలి కదండీ," అన్నాడు.

"కచ్చితంగా. మేమే చెబుదామా అనుకుంటున్నాం. మీరే ముందుకొచ్చారు. కంపెనీ మీకు చేయాల్సింది చేస్తుంది. ఈ కాగితాల మీద ఒక సంతకం పెట్టండి."

ఫీజు కంపెనీ కడుతుందని సూపర్‌వైజరు ఎన్నడూ ఆశించలేదు. మూడు కాగితాలు, మూడు సంతకాలు. చదవడం చిన్న ఉద్యోగస్థుల అలవాటని ఒక పుస్తకంలో చదివి ఉన్నాడు కాబట్టి చదవలేదు.

"తాళంచెవులు కూడా ఇచ్చేయండి మరి."

"తీసుకోండి. ఇకమీదట తాళాలు మోసే పని నాది కాదు కదా."

"కాదు, కాదు," అన్నాడు మేనేజరు ఎంతో మనస్ఫూర్తిగా.

పదకొండున్నరకు గోడౌన్ జనమంతా చేరి చప్పట్లు కొట్టి, ఆయన చేతికి ఒక గోడ గడియారం ఇచ్చారు. ఒకరిద్దరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. తన ఎదుగుదలకు వీళ్ళకింత ఆనందమా అని ఆయన ఆశ్చర్యపోయి, టైము విలువ గురించి పది నిమిషాలు మాట్లాడాడు. గేటు దగ్గర వాచ్‌మన్ గుర్తింపు కార్డు తీసేసుకున్నాడు. పెద్ద హోదాకు కొత్త కార్డు ఇస్తారు కాబోలనుకున్నాడు. కార్డు లేదని కంపెనీ బస్సు ఎక్కించుకోకపోయేసరికి మాత్రం, ఎక్కడో ఏదో చిన్న దురద పుట్టింది. గడియారం చంకన పెట్టుకుని ఊరి బస్సులో నిలబడి ఇంటికొచ్చాడు.

గుమ్మంలోనే రబ్బరు కంపు ముఖాన కొట్టింది. వాకిట్లో కారు లేదు. నడవలో మంచం మీద తండ్రి, పని పూర్తయిన మనిషి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు.

"నాన్నా, ఈ టైర్లేమిటి?"

"మూడో నంబరు."

"కారేది?"

"రెండో నంబరు. నీ షీటే కదరా, నన్నడుగుతావేం?"

సూపర్‌వైజరు ఫ్రిజ్ దగ్గరకు పరిగెత్తాడు. ఒకటి నుంచి ఏడు దాకా టిక్కులు. ఒకటో నంబరు పక్కన ఎనిమిదీ పది అని వేళ. అప్పుడు మేనేజరు పళ్ళు, మూడు సంతకాలు, తాళాలు, చప్పట్లు, కన్నీళ్ళు ఒకదాని వెనక ఒకటి వరసగా వచ్చి ఆయన కళ్ళముందు నిలబడ్డాయి. వెనక్కొచ్చి టైర్ల మీదే కూర్చున్నాడు.

"అవన్నీ సీటు వచ్చాక చేయాల్సినవి నాన్నా. మొదటి పేజీలో ఉంది."

"మొదటి పేజీ ఫ్రిజ్ మీద లేదే."

"అడగచ్చుగా."

"అడగకూడదు కదా," అంది చిట్టి లోపలి నుంచి. "అభ్యంతరం ఉంటే అడుగున రాసుకో నాన్నా."

అప్పుడే సిస్టర్ వచ్చింది. టైర్లను చూసింది, నడవలో మామగారిని చూసింది, అమ్మ లేని వంటింటిని చూసింది. షీటు తీసి మొదటినుంచి చివరిదాకా చదివింది. చదవకుండా సంతకం పెట్టే మనిషి ఆ రోజు పొడి అక్షరాలు కూడా వదలకుండా చదివింది.

"ఎనిమిదోది నాదని చిట్టి మెసేజ్ పెట్టిందిలెండి. నెలకు పది అదనపు డ్యూటీలు. డ్యూటీ దిగగానే సూపరింటెండెంటు దగ్గరకెళ్ళి అడిగాను కూడా."

"ఏమన్నారు?" అన్నాడు సూపర్‌వైజరు, ఒక్క ఆశైనా మిగిలిందేమోనని.

"తర్వాత చెబుతా. ముందు ఇంటర్వ్యూకి పదండి. నేనూ వస్తా," అంటూ ఆవిడ షీటు మడిచి సంచిలో పెట్టుకుంది.

సూటు కోసం ఎనభై టైర్లు తీసి బయట పెట్టే వేళ లేదు. మోచేతి దగ్గర నీలి రంగు మరకున్న గోడౌన్ చొక్కాతోనే ఆయన బయల్దేరాడు. కంగారులో గడియారం కూడా చంకనే ఉండిపోయింది.

ఇంటర్వ్యూ గదిలో డీన్ మేడమ్ మధ్యలో, చెరో పక్క ఒక ప్రొఫెసరు. సూపర్‌వైజరు మూడు నెలలుగా అద్దం ముందు వల్లించుకున్నదంతా ఒక్క గుక్కలో వదిలాడు. విజన్ అన్నాడు, వాల్యూ అన్నాడు, రిస్కంటే తనకు ప్రాణమన్నాడు. ముగ్గురూ పాలివ్వని గేదె మేత తింటుంటే చూస్తున్న రైతుల్లా ఓపికగా విన్నారు.

"ఇంటర్వ్యూ తేదీనాటికి అభ్యర్థి ఉద్యోగంలో ఉండాలని నిబంధన. ప్రస్తుతం మీరు ఉద్యోగంలో ఉన్నారా?" అంది డీన్.

"ఒక రకంగా చూస్తే, ఉన్నట్టేనండి."

"మీ మేనేజరుకు ఫోన్ చేశాం. చాలా సంతోషంగా మాట్లాడారు. మీ గురించి తను ఇంత మంచిగా చెప్పడం ఇదే మొదలని ఆయనే అన్నారు."

సూపర్‌వైజరు గడియారం వైపు చూశాడు. అది ఇంకా నడుస్తూనే ఉంది.

డీన్ రెండో పేజీ ముందుకు లాక్కుని, అందులో మునిగిపోయింది. "ఈ పేజీని ఏటా వందలమంది నింపుతారు. త్యాగాల గురించి పద్యాలు రాసినవాళ్ళు కూడా ఉన్నారు. అమలు చేసి, వేళ వేసి, సంతకాలతో పట్టుకొచ్చిన ఇల్లు మాత్రం ఇదే. నాలుగు గంటల్లో ఏడు నిర్ణయాలు. ఈ పద్ధతి ఎవరిది?"

"ఇంట్లో నేనొక సిస్టమ్..." అని సూపర్‌వైజరు ఛాతీ విరుచుకోబోయాడు.

"పద్ధతి నాదండీ," అంది సిస్టర్ నెమ్మదిగా. "రాసింది ఆయన. రాసినవాళ్ళ పేరు కూడా షీటు మీద ఉండాలన్న రూలు పెట్టుకోకపోవడం నా తప్పు. రేపటినుంచి పెడతా."

ముగ్గురూ ఆ మాట రాసుకున్నారు. విజన్ గురించి చెప్పినప్పుడు ఎవరూ పెన్ను తీయలేదన్నది సూపర్‌వైజరు అప్పుడు గమనించాడు.

సిస్టర్ సంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది. "మా ఆసుపత్రి ఏటా ఒకరిని ఇక్కడికి పంపుతుంది, ఆసుపత్రి నిర్వహణ చదవడానికి. ఫీజు వాళ్ళదే. రెండేళ్ళుగా నన్ను వెళ్ళమంటున్నారు. మామగారి గది, అమ్మ ఆరోగ్యం, పిల్ల క్లాసు, ఇవన్నీ ఎవరు చూస్తారని నేనే వద్దంటున్నా. ఇవాళ అదనపు డ్యూటీలు అడగడానికి వెళితే సూపరింటెండెంటు తిట్టి ఈ ఉత్తరం చేతిలో పెట్టింది."

సూపర్‌వైజరు గడియారాన్ని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకున్నాడు. "నువ్వు చదువుకుంటానంటే మరి ఇల్లు?"

"ఇల్లెక్కడుందండీ. టైర్లున్నాయి."

"అది కాదు..."

"త్యాగాలన్నీ అయిపోయాయి. మళ్ళీ వెనక్కి తెచ్చుకోవాలంటే అదో శ్రమ. చేసినవి వృథా కాకుండా ఎవరో ఒకరు చదువుకుంటే పోలా?"

డీన్ కొత్త ఫారం తీసి, రెండో పేజీ అడుగున జీవిత భాగస్వామి సంతకం చోట వేలు పెట్టి చూపించింది. పైన ఇంకా ఏమీ రాయలేదు. సూపర్‌వైజరు పెన్ను పట్టుకుని ఆ ఖాళీ గీతలను చాలాసేపు చదివాడు. ఆ రోజు ఆయన చదివి పెట్టిన సంతకం అదొక్కటే.

నెల తిరిగేసరికి సిస్టర్‌కు శని, ఆదివారాల్లో క్లాసులు మొదలయ్యాయి. పాత ఉద్యోగం తిరిగి ఇమ్మని సూపర్‌వైజరు వెళ్ళి అడిగితే, మేనేజరు గోడ మీద ఇరవై బొమ్మలు చూపించి ఆ పోస్టు ఇక లేదన్నాడు. టైర్ల షాపాయనకు సరుకు పెరిగింది. పెరిగిన సరుకును చూసుకోవడానికి నమ్మకమైన సూపర్‌వైజరు కావలసి వచ్చాడు. ఇప్పుడు ఆయన మంచం దిగితే ఆఫీసు, ఆఫీసు దాటితే వంటిల్లు. గోడ గడియారం టైర్ల పైన వేలాడుతోంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, నడవలో తండ్రి మంచం పక్కన చాప పరుచుకుని, రెప్ప వాల్చాడో లేదో, వాకిట్లో టైర్ల లారీ హారన్ మోగింది. టైర్లాయన లోడు ఆదివారమే వస్తుంది.

"లేరా," అన్నాడు పెద్దాయన, డీన్ తిరిగిచ్చేస్తే మడతపెట్టి దాచిన పాత షీటును జేబులోంచి తీస్తూ. "తొమ్మిదో నంబరు నెలరోజులుగా పెండింగులో ఉంది."

"ఆ షీటు అయిపోయింది కదా నాన్నా."

"ఎవరు కొట్టేశారు? ఎనిమిదోది మీ ఆవిడ అడిగి లేదనిపించుకుంది, అది తీరినట్టే. ఇక నీదొక్కటే." పెద్దాయన టిక్కు పెట్టి, రెండూ అయిదు అని వేళ వేసి, పొడి అక్షరాలు రాసి, తన పెన్ను జేబులో దోపుకుని, షీటు మాత్రం కొడుకు చేతికిచ్చాడు. అడుగున అభ్యంతరాలకు బోలెడంత చోటుంది.

సూపర్‌వైజరు తన పెన్ను కోసం ఇల్లంతా వెతికాడు. అది సిస్టర్‌తో క్లాసుకు వెళ్ళింది.